లోట్ నది లోయలో మకాం ఎక్కడ పెట్టాలి: కాఓర్, ఫిజాక్, విల్నవ్, మరికొన్ని చిన్న ఊళ్లు

ఫ్రాన్స్ నైరుతిలో పారే లోట్ నది పొడవు దాదాపు 485 కి.మీ. సెవెన్ అనే పేరున్న కొండల్లో పుట్టి, సున్నపురాయి పీఠభూమిని కోసుకుంటూ మెలికలు తిరిగి, ఎగ్వియోఁ దగ్గర గరోన్ నదిలో కలుస్తుంది. ఫ్రెంచి మాటల్లో చివరి హల్లు చాలాసార్లు పలకదు గానీ ఇక్కడ పలుకుతుంది. ఊరివాళ్లు 'లోట్' అనే అంటారు.

తులూజ్‌లో ఉద్యోగాలు, చదువుల కోసం ఉంటున్న తెలుగువాళ్లకు ఇది వారాంతానికి వెళ్లిరాగల దూరం. ఇండియా నుంచి వచ్చి పారిస్ ఒక్కటే చూసి వెళ్లడం ఇష్టం లేనివాళ్లకూ మంచి ప్రాంతమే. చిక్కంతా బస దగ్గరే. బుకింగ్ సైట్లో 'లోట్ లోయ' అని వెతికితే 700 మీటర్ల ఎత్తు మీది మాంద్ నుంచి ఆల్‌బుకరా పళ్ల తోటల మైదానం దాకా అన్నీ ఒకే పేరు కింద వస్తాయి. ఒక కొస నుంచి ఇంకో కొసకు కారులో ఒక పూట పైనే పడుతుంది. ఫొటోలో అందంగా కనబడిన ఊళ్లో గది తీసుకున్నవాళ్లు సగం సెలవు కారులోనే గడిపేస్తారు.

మా సలహా ఒక్కటే: అందమైన పల్లెలు చూడటానికి, పట్టణాలు ఉండటానికి. రైలు, ఆస్పత్రి, సోమవారం కూడా తెరిచుండే దుకాణం, ఈ మూడూ ఉన్న ఊరు చూసుకుని అక్కడి నుంచి తిరగండి. దీనికి మినహాయింపులున్నాయి, అవి కింద వస్తాయి.

ముందు జిల్లాల చిక్కు తేల్చుకోండి

నదిదీ జిల్లాదీ ఒకే పేరు కావడంతో చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. లోట్ అనే దెపార్త్‌మాఁ కూడా ఉంది. దెపార్త్‌మాఁ అంటే మన జిల్లా లాంటిది. దాని నంబరు 46, కేంద్రం కాఓర్. నది మాత్రం ఎగువ నుంచి దిగువకు ఐదు జిల్లాలను తాకుతుంది: లోజేర్ 48, అవేరోఁ 12, అంచున కొంచెం కాంతాల్ 15, తర్వాత లోట్ 46, చివరికి లోట్-ఎ-గరోన్ 47. విల్నవ్-స్యూర్-లోట్ అంటే 'లోట్ మీది కొత్త ఊరు' అని అర్థం. అయినా ఆ ఊరు లోట్ జిల్లాలో లేదు, 47లో ఉంది.

ఈ గీత కాగితం మీద గీత అనుకుని వదిలేయకండి. 46, 12, 48 జిల్లాలు ఒక్సితానీ రీజియన్‌లో (రీజియన్ అంటే కొన్ని జిల్లాలు కలిసిన ప్రాంతం) ఉన్నాయి, 47 నువెల్ అకితేన్‌లో ఉంది. ప్రాంతీయ రైళ్లు, బస్సులు నడిపేది రీజియన్. అందుకే తులూజ్‌లో తీసుకున్న ఒక్సితానీ రాయితీ కార్డు విల్నవ్ వైపు బస్సులో పనికొస్తుందని లెక్క వేసుకోకండి. బడి సెలవులూ వేరు. కాఓర్, ఫిజాక్ తులూజ్ విద్యామండలం కింద సి జోన్‌లో ఉన్నాయి, విల్నవ్ బోర్దో మండలం కింద ఎ జోన్‌లో ఉంది. ఫిబ్రవరి, ఏప్రిల్ సెలవులు రెండు జోన్లకూ వేర్వేరు వారాల్లో పడతాయి. పిల్లలున్న రెండు కుటుంబాలు, ఒకటి తులూజ్ నుంచీ ఇంకోటి బోర్దో నుంచీ, కలిసి వెళ్దామనుకుంటే ముందు చూడాల్సింది ఈ క్యాలెండరే. కోర్టుల లెక్క మళ్లీ ఇంకో తీరు: 46కూ 47కూ అప్పీలు కోర్టు 47 జిల్లా కేంద్రమైన అజాఁలోనే ఉంది.

మన పద్ధతితో పోల్చుకుంటే మిగతా మెట్లు సులువుగానే అర్థమవుతాయి. ప్రేఫె కలెక్టర్ లాంటివారు, ఆయన కార్యాలయం ప్రేఫెక్త్యూర్. అరోందిస్‌మాఁ రెవెన్యూ డివిజన్ లాంటిది, అక్కడుండే సూ-ప్రేఫె ఆర్డీవో లాంటివారు. లోట్ జిల్లాలో ఇలాంటి డివిజన్లు మూడు: కాఓర్, ఫిజాక్, గుర్దోఁ. కాంతోఁ చూడగానే మండలంలా అనిపిస్తుంది గానీ దానికి ఎమ్మార్వో ఆఫీసు లాంటిదేమీ ఉండదు. అది జడ్పీటీసీ స్థానం లాంటి ఎన్నికల హద్దు మాత్రమే. ఒక్కో కాంతోఁ నుంచి ఒక స్త్రీ, ఒక పురుషుడు జంటగా జిల్లా సభకు ఎన్నికవుతారు. 2015లో లోట్ జిల్లా కాంతోఁలను 31 నుంచి 17కు తగ్గించారు. పాత పుస్తకాల్లోనూ పాత మ్యాపుల్లోనూ ఇంకా పాత పేర్లే కనబడతాయి. ఏ పనికీ వాటిని నమ్ముకోకండి.

అన్నిటికన్నా కింది మెట్టు కమ్యూన్. ఆ మాట యానాం వాళ్లకు కొత్తదేం కాదు, 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్నప్పుడు యానాం కూడా ఒక కమ్యూనే. రెండొందల మంది ఉన్న పల్లెకైనా మేయరు ఉంటారు, మేరీ అనే కార్యాలయం ఉంటుంది. ఐతే చిన్న పల్లెల్లో మేరీ వారానికి రెండు మూడు పూటలే తెరుస్తారు. పనిమీద వెళ్లేవాళ్లు తలుపు మీది వేళలు చూసుకునే వెళ్లాలి. చెత్త సేకరణ, పర్యాటక కార్యాలయం వంటివి చాలావరకు కమ్యూన్లు కలిసి కట్టుకున్న సంఘాల చేతిలో ఉంటాయి. కాఓర్ చుట్టూ గ్రాఁ కాఓర్, ఫిజాక్ చుట్టూ గ్రాఁ ఫిజాక్, విల్నవ్ చుట్టూ గ్రాఁ విల్నవ్వా. కింద చెప్పబోయే కొండ అంచు పల్లె సాఁ-సిర్-లపోపి చూడాలంటే సమాచారం గ్రాఁ కాఓర్ వైపు వెతకాలి, కాఓర్‌కూ ఫిజాక్‌కూ నడుమ ఉన్న కజార్క్ గురించైతే ఫిజాక్ వైపు.

పిన్‌కోడు చూసి ఊరు తేల్చుకోవడం ఇంకో పొరపాటు. 46330 కింద సాఁ-సిర్-లపోపి, కాబ్రెరె, బుజియెస్ అన్నీ వస్తాయి, ఇవి వేర్వేరు కమ్యూన్లు. ప్రభుత్వ ఫారాల్లో అడిగే ఇన్సే కోడు వేరే సంఖ్య. కాఓర్ పోస్టల్ కోడు 46000, ఇన్సే కోడు 46042. అన్నిటికన్నా ఎక్కువమందిని తిప్పలు పెట్టేది కాప్దెనాక్. నదికి కుడిగట్టున కొండ మీది పాత కాప్దెనాక్ లోట్ జిల్లాలో, 46100. ఎడమగట్టున రైల్వే జంక్షన్ చుట్టూ పెరిగిన కాప్దెనాక్-గార్ అవేరోఁ జిల్లాలో, 12700. బస బుక్ చేసేటప్పుడు కోడు చూడకపోతే రైలు దిగి చూస్తే గది నదికి అవతల కొండ మీద ఉంటుంది.

కారు లేకపోతే కాఓర్, మారు మాట లేదు

కాఓర్ జనాభా దాదాపు 20,000. పారిస్ నుంచి లిమోజ్ మీదుగా తులూజ్ వెళ్లే పాత ప్రధాన రైలుమార్గం మీద ఉంది. తులూజ్ నుంచి సుమారు గంటన్నర. పారిస్ ఓస్తెర్లిట్జ్ స్టేషన్ నుంచి ఐదు గంటల పైమాటే, ట్రాక్ పనులు జరిగే రోజుల్లో ఇంకా ఎక్కువ. పారిస్ నుంచి వచ్చేవాళ్లు మోఁపర్నాస్‌కు వెళ్లి నిలబడకండి, ఈ రైళ్లు అక్కడి నుంచి బయల్దేరవు. కారులో తులూజ్ నుంచి 115 కి.మీ., ఎ20 మోటార్‌వే మీద టోలు ఉంటుంది.

ఊరి మూడు వైపులా నది చుట్టుకుని ఉంటుంది. స్టేషన్ పడమటి వైపు ఉంది, అక్కడి నుంచి వలాంత్రే వంతెనకు పది నిమిషాల నడక. 1308లో మొదలుపెట్టిన ఈ వంతెన 1378కి గానీ పూర్తికాలేదు. మూడు బురుజులతో కోటలా నిలబడి ఉంటుంది. అంత ఆలస్యం ఎందుకైందో చెప్పే దయ్యం కథ ఊళ్లో అందరి నోటా ఉంది. మేస్త్రీ తన ఆత్మను పణంగా పెట్టి దయ్యంతో పని చేయించుకున్నాడట. చివరికి నీళ్లు మొయ్యమని దాని చేతికి జల్లెడ ఇచ్చి గెలిచాడట. దయ్యం కసితో నడిమి బురుజు మూల రాయిని రాత్రికి రాత్రి పీకేసేదట. 1879లో మరమ్మతు చేసినప్పుడు వాస్తుశిల్పి పాల్ గూ ఆ మూలనే రాయి పట్టుకుని లాగుతున్న బుల్లి దయ్యాన్ని చెక్కించి పెట్టాడు. కింద నుంచి చూస్తే చటుక్కున కనబడదు. నడిమి బురుజు పైభాగంలో మూలలను వరసగా చూసుకుంటూ పోండి, దొరుకుతుంది.

బుధ, శనివారాల పొద్దున కతీడ్రల్ ముందు సంత. చేతిలో కారు లేనివాళ్లు కాఓర్‌లోనే ఉండి ఒక రోజు ఊరు చూసి, ఒక రోజు బస్సులో లోయ ఎగువకు వెళ్లిరావచ్చు. కాఓర్ నుంచి ఫిజాక్ దాకా నది వెంట ఒకప్పుడు రైలు ఉండేది. 1980లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి, ఇప్పుడు ఆ దారిలో లియో అనే ప్రాంతీయ బస్సులు తిరుగుతాయి. బస్సు టైమ్‌టేబుల్ చదివేటప్పుడు ఒక జాగ్రత్త: బడి నడిచే రోజులకు ఒక వరుస, బడి సెలవులకు ఇంకో వరుస ఉంటాయి, ఆదివారం సర్వీసులు బాగా తగ్గిపోతాయి. పొద్దున వెళ్లిన బస్సుకు సాయంత్రం తిరుగు బస్సు ఉందో లేదో చూడకుండా ఎక్కితే పల్లెలో చిక్కుకుపోతారు. ఇలాంటి చోట టాక్సీ పిలవగానే రాదు, ముందురోజే చెప్పి పెట్టుకోవాలి.

కాఓర్‌తో ఇబ్బంది ఏమిటంటే, ఊళ్లో వాహనాల రద్దీ ఉంది. ఊరి నడిమధ్య పోయే గంబెత్తా వీధి మీది గదులు తీసుకోకండి. వెనక, తూర్పు వైపు పాతపేటలో తీసుకుంటే నది దగ్గర, గోల తక్కువ.

ఫిజాక్: ఎక్కువ రోజులు ఉండేవాళ్లకు

ఫిజాక్ లోట్ నది మీద లేదు, దాని ఉపనది సెలే మీద ఉంది. జనాభా దాదాపు 10,000. తులూజ్ నుంచి రైలు ఉంది గానీ సుమారు రెండున్నర గంటలు పడుతుంది, రోజుకు కొన్నే. కాఓర్ నుంచి రోడ్డు మీద 70 కి.మీ. మ్యాపులో చిన్న దూరమే. నది పక్కన కొండచరియ కింద నుంచి పోయే డి662 మీద మాత్రం గంటంబావు తీరికగా వేసుకోండి. కొన్నిచోట్ల రాయి రోడ్డు మీదికి వంగి ఉంటుంది, ఎదురుగా క్యాంపర్ వ్యాను వస్తే ఎవరో ఒకరు ఆగాల్సిందే.

ఇంత తిప్పలు పడి ఫిజాక్ ఎందుకంటారా? కాఓర్‌కు వచ్చేవాళ్లు చూసి పోతారు, ఫిజాక్‌లో మనుషులు ఏడాది పొడుగునా బతుకుతారు. ఇక్కడ విమానాల ప్రొపెల్లర్లు, విడిభాగాలు తయారుచేసే పరిశ్రమ ఉంది. ఎ400ఎమ్ సైనిక విమానం ప్రొపెల్లర్లు ఇక్కడివే. అందువల్ల జనవరిలో కూడా హోటళ్లు, బేకరీలు, డాక్టర్లు అందుబాటులో ఉంటారు. తులూజ్ విమాన రంగంలో పనిచేసేవాళ్లు కొన్ని నెలల పని మీద ఇటు రావాల్సి వస్తే ఉండాల్సిన ఊరు ఇదే, సాఁ-సిర్ కాదు.

ఈజిప్టు చిత్రలిపిని 1822లో ఛేదించిన షాంపోలియోఁ 1790లో ఇక్కడే పుట్టాడు. ఆయన పుట్టిన ఇంటి దగ్గర ఉన్న మ్యూజియం ఒక్క ఈజిప్టుకే పరిమితం కాదు, ప్రపంచంలో రాత ఎలా పుట్టి ఎలా పెరిగిందో చెబుతుంది. లిపి మీద మక్కువ ఉన్న తెలుగువాళ్లకు అరపూట తక్కువే అవుతుంది. వేసవి తప్ప మిగతా రోజుల్లో సోమవారం సెలవు. పక్కనే చిన్న పెరడు లాంటి చోట నేల నిండా నల్లరాతి పలకలు పరిచి, ఒకే శాసనం మూడు లిపుల్లో ఉన్న రోసెట్టా శిలను పెద్దది చేసి చెక్కారు. అమెరికా కళాకారుడు జోసెఫ్ కోసుత్ 1991లో చేసిన పని అది. దాని మీద నడవచ్చు. మెట్లు మెట్లుగా ఉంటుంది, కింది మెట్టు గ్రీకు, మధ్యది డెమోటిక్ అనే పాత ఈజిప్టు వాడుక లిపి, పైది చిత్రలిపి. వాన పడ్డ రోజు జారుతుంది, పిల్లల చెయ్యి వదలకండి.

వీధుల్లో తలెత్తి నడవండి. పాత ఇళ్ల పైఅంతస్తులో గోడ లేకుండా స్తంభాల మీద తెరిచిన మేడలు కనిపిస్తాయి. వాటిని సొలేయో అంటారు. బట్టలు, ధాన్యం, తోళ్లు ఎండబెట్టుకోవడానికి కట్టుకున్నవి. వడియాలు పెట్టుకునే డాబాకు పైకప్పు వేసినట్టు ఉంటాయి. శనివారం సంత రోజు పాతపేట లోపలికి కారు తేవద్దు.

కాఓర్‌కూ ఫిజాక్‌కూ నడుమ ఉన్న కజార్క్ వెయ్యి పైచిలుకు మంది ఉండే ఊరు. అధ్యక్షుడు జార్జ్ పోంపిదూకు ఇక్కడ ఇల్లు ఉండేది, ఆయన దంపతుల పేరు మీద ఆధునిక చిత్రకళా కేంద్రం ఉంది. పల్లె వాతావరణమే కావాలి, కారుంది, కానీ రొట్టె కోసం 20 కి.మీ. పోలేం అనుకునేవాళ్లకు మధ్యేమార్గం కజార్క్. కుంకుమపువ్వు పండే నేల కూడా ఇదే.

సాఁ-సిర్-లపోపి: చూడండి, ఉండాలంటే ఆలోచించండి

నదికి దాదాపు 80 మీటర్ల ఎత్తున కొండ అంచుకు అతుక్కున్న ఈ ఊరు 2012లో టీవీ ఓటింగులో ఫ్రాన్స్‌కు ఇష్టమైన గ్రామంగా నిలిచింది. కవి ఆంద్రే బ్రెతోఁ ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాడు. ఊళ్లో ఉండే జనం రెండొందల చిల్లర. ఆగస్టు మధ్యాహ్నం వీధుల్లో అంతకు ఎన్నో రెట్ల మంది ఉంటారు. పార్కింగుకు డబ్బు కట్టాలి, అక్కడి నుంచి రాళ్లు పరిచిన వీధిలో ఏటవాలుగా నడవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను ఇండియా నుంచి తీసుకొచ్చినవాళ్లు, పిల్లల తోపుడుబండి ఉన్నవాళ్లు ఇక్కడ బస పెట్టుకోకూడదు. సామాను కారులోంచి గది దాకా మోయాల్సింది మీరే. మే, జూన్, సెప్టెంబరుల్లో ఒక్క రాత్రి ఉంటే మాత్రం విలువైన రాత్రే. బస్సులన్నీ వెళ్లిపోయాక ఏడు గంటల వెలుగులో ఊరు మీ ఒక్కరిదే. నవంబరు నుంచి మార్చి దాకా తినడానికి తెరిచి ఉన్న చోటు వెతుక్కోవాలి.

ఊరు చేరడానికి మంచి దారి బుజియెస్ నుంచి నడక. పడవలను తాళ్లతో లాగే ఎడ్లూ గుర్రాలూ నడవడానికి 19వ శతాబ్దంలో సున్నపురాయి గోడను తొలిచి చేసిన దారి అది. తల మీద రాయి, పక్కన నీళ్లు. బుజియెస్‌లో కారు పెట్టి నది వెంట నాలుగు కిలోమీటర్ల లోపు నడిస్తే సాఁ-సిర్ కిందికి చేరతారు. చివర్లో ఎక్కుడు ఉంది. రాళ్లు జారే ప్రమాదం ఉన్నప్పుడు దారి మూసేస్తారు, బోర్డు ఉంటే లెక్కచెయ్యకుండా పోవద్దు.

అక్కడికి దగ్గర్లోనే పెష్ మెర్ల్ గుహ ఉంది. 1922లో ఇద్దరు కుర్రాళ్లు కనిపెట్టారు. చుక్కల గుర్రాల బొమ్మలకు 29,000 ఏళ్ల వయసు. నకలు కాదు, అసలు గుహలోకే పంపిస్తారు. అందుకే రోజుకు 700 మందికి మించి రానివ్వరు. వేసవిలో ముందే ఆన్‌లైన్లో టికెట్ తీసుకోకపోతే దాదాపు దొరకదు. లోపల ఏ కాలమైనా 12 డిగ్రీలే, ఆగస్టులో కూడా స్వెట్టర్ కావాలి. ఫొటోలు తీయనివ్వరు. చలికాలంలో కొన్నాళ్లు మూస్తారు. ఈ ఒక్క గుహ కోసం మిగతా ప్రయాణం తేదీలు సర్దుకున్నా తప్పులేదు.

పడమటి వైపు: ద్రాక్షతోటల ఊళ్లు

కాఓర్ దాటి పడమరకు వెళ్తే కొండచరియలు విడిపోయి లోయ వెడల్పవుతుంది. ల్యూజెష్, ప్రేసాక్, ప్వీ-లెవెక్ ఇక్కడ వరసగా వస్తాయి. కాఓర్ ఎర్ర వైన్ పండేది ఈ మలుపుల్లోనే. 1956 చలికి తోటలు చాలామటుకు పోయాయి, మళ్లీ నాటి నిలబెట్టుకున్నాక 1971లో మూలస్థాన గుర్తింపు వచ్చింది. సీసాలో కనీసం 70 శాతం మాల్బెక్ ద్రాక్ష ఉండాలని నియమం.

ఈ మూడిట్లో ఏది? కుటుంబంతో వారం రోజులు అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు ప్రేసాక్ నయం. నేల చదును, దుకాణాలు గుండ్రంగా ఒకచోటే, శుక్రవారం పెద్ద సంత. ప్వీ-లెవెక్ చూడటానికి ఎక్కువ అందం, కానీ మెట్ల ఊరు. మంగళవారం సంత. అక్కడ అవతలి గట్టు నుంచి, వంతెన దాటాక వెనక్కి తిరిగి చూస్తేనే ఊరు మొత్తం కనబడుతుంది. ల్యూజెష్ నది మెలిక మెడ మీద కూర్చుంది. మెడ వెడల్పు దాదాపు వంద మీటర్లు, ఒక పక్క నది, ఆ పక్కా అదే నది. ఒకప్పుడు పడవలు చుట్టూ తిరగకుండా మెడకు అడ్డంగా కాలువ తవ్వారు. తర్వాత పూడ్చేశారు, ఇప్పుడది ఊరి నడిమి చౌకు.

పడవ ఇల్లు అద్దెకు తీసుకుందామనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. లోట్ నదిలో పడవ మొత్తం పొడవునా పోదు. మధ్యమధ్య ఆనకట్టలు దాటడానికి లాకులు లేవు. లోట్ జిల్లాలో ల్యూజెష్ నుంచి ఎగువన లార్నాఞొల్ దాకా ఒక ముక్క తెరిచి ఉంది. సాఁ-సిర్ కింద నుంచి పోయేది అదే. అద్దె పడవకు లైసెన్సు అడగరు, బయల్దేరే ముందు నడపడం నేర్పిస్తారు. లాకులు మాత్రం మీరే చేత్తో తిప్పి తెరవాలి. కాబట్టి పడవకు ఇద్దరు ఒళ్లు వంచగల పెద్దవాళ్లు ఉండాలి. ఒకరు గట్టు మీద, ఒకరు పడవలో. చిన్నపిల్లలతో ఒక్క జంటే వెళ్తే కష్టం. వానలు పడి నీళ్లు పెరిగితే రాకపోకలు ఆపేస్తారు, చివరి రోజుకే విమానం టికెట్ పెట్టుకోవద్దు.

విల్నవ్-స్యూర్-లోట్

జనాభా దాదాపు 22,000, ఈ లోయలో పెద్ద ఊరు. 13వ శతాబ్దంలో తులూజ్ ప్రభువు అల్ఫోన్స్ ద పువాత్యే వేసిన పట్టణం. వీధులు గళ్ల నోటుబుక్కులా నిటారుగా ఉంటాయి, మధ్య చౌకు చుట్టూ వసారాలు. ఎండలో వానలో సంత చేసుకోవడానికి అనువు. ప్యాసింజర్ రైలు లేదు. అజాఁలో దిగి బస్సెక్కాలి, 30 కి.మీ. అజాఁ మాత్రం బోర్దో, తులూజ్ నడుమ వేగంగా పోయే రైళ్లు ఆగే స్టేషన్. బోర్దో వైపు ఉండేవాళ్లకు అందుకే ఇది కాఓర్ కన్నా దగ్గర.

అజాఁ ఎండు ఆల్‌బుకరా పళ్లు అని లోకమంతా పిలిచే ప్రూనో పళ్లు పండేది ఎక్కువగా ఈ లోయలోనే. అజాఁ రేవు నుంచి ఓడల్లో పంపేవారు గనుక ఆ పేరు పడింది. ఆగస్టు చివర, సెప్టెంబరులో కోత. మూడు కిలోలకు పైగా పచ్చిపండు ఎండితే కిలో ప్రూనో. సైకిల్ తొక్కేవాళ్లకు, ఇంటి ముందే కారు ఆపుకోవాలనుకునేవాళ్లకు, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు ఈ చదును నేల హాయి. గుహలూ కొండచరియల ఊళ్లూ చూడాలనుకుంటే మాత్రం ఇక్కడ ఉండొద్దు, కాఓరే 75 కి.మీ. దూరం.

ఎగువన అవేరోఁలో ఎస్పాలియోఁ, ఎస్తాఁ వేసవి ఎండ భరించలేనివాళ్లకు. కాఓర్ మండుతున్న రోజున ఇక్కడ రాత్రి దుప్పటి కప్పుకోవచ్చు. దగ్గరి పెద్ద ఊరు రొదేజ్, కారు తప్పనిసరి. నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా అవేరోఁ, లోజేర్‌లలో గుర్తించిన కొండ కమ్యూన్లలో చలి టైర్లు గానీ గొలుసులు గానీ ఉండాలి. తులూజ్‌లో అద్దెకు తీసుకున్న కారుకు అవి ఉన్నాయో లేదో తాళాలు తీసుకునేటప్పుడే అడగండి.

తిండి, వంటిల్లు, పెట్రోలు

బస ఎంపికను నిజంగా తేల్చేది మీరు ఏం తింటారన్నది. ఇది బాతు మాంసం ప్రాంతం. కెర్సి (ఈ ప్రాంతం పాత పేరు) సలాడ్ అంటే ఆకులనుకుని చెప్తే బాతు కందనకాయ ముక్కలతో వస్తుంది. మామూలు సలాడ్లోనూ లార్దోఁ అనే పంది మాంసం ముక్కలు చల్లుతారు. బంగాళాదుంప వేపుడు బాతు కొవ్వులో చేసి ఉండొచ్చు. శాకాహారులు 'సాఁ వియాంద్' అంటే చాలదు, కొవ్వు సంగతి విడిగా అడగాలి. ధైర్యంగా చెప్పుకోదగ్గవి: రొకమదూర్ మేక జున్ను, అక్రోటులు, కెర్సి కర్బూజా, అవేరోఁ వైపైతే బంగాళాదుంపనూ తాజా జున్నునూ వెల్లుల్లితో కలిపి తీగలు సాగేదాకా గిలకొట్టే అలిగో. జున్నులో పాలు విరవడానికి వాడేది చాలాసార్లు దూడ కడుపు నుంచి తీసినదే, అది పట్టింపు ఉన్నవాళ్లు తెలుసుకుని తినాలి.

మధ్యాహ్నం భోజనం 12 నుంచి 2 లోపే. రెండుంబావుకు వెళ్తే పొయ్యి ఆర్పేసి ఉంటారు. అందుకే మూడు రోజులకు మించి ఉండేవాళ్లు హోటల్ కన్నా జీత్ అనే అద్దె ఇల్లు తీసుకోవడం మేలు. సోనా మసూరి, కందిపప్పు, పోపు సామాను తులూజ్‌లోనో పారిస్‌లోనో కొనుక్కుని రండి, ఈ ఊళ్లలో దొరుకుతాయని నమ్ముకోవద్దు. కుక్కర్ విషయంలో చాలామంది దెబ్బతింటారు. అద్దె ఇళ్లలో పొయ్యి ఎక్కువగా ఇండక్షన్. ఇండియా నుంచి తెచ్చిన మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు. అడుగుకు అయస్కాంతం అతుక్కుంటేనే పని చేస్తుంది, బయల్దేరే ముందే ఫ్రిజ్ మీది అయస్కాంతంతో చూసుకోండి. షాంబ్ర్ దోత్ అంటే యజమాని ఇంట్లోనే గది, పొద్దున టిఫినుతో. అక్కడ సాధారణంగా వంటకు ఒప్పుకోరు.

బంకులో 'గజోల్' అని రాసి ఉంటే అది డీజిల్, పెట్రోలు కాదు. రాత్రిళ్లు, ఆదివారాలు మనుషులు లేని పంపులే ఉంటాయి. అవి పెట్రోలు పోసేముందు కార్డు మీద పెద్ద మొత్తం బిగపట్టి, తర్వాత వాడినంతే తీసుకుంటాయి. ఫోరెక్స్ కార్డులో డబ్బు తక్కువుంటే చుక్క కూడా రాదు. శనివారం సాయంత్రమే ట్యాంకు నింపుకోండి.

ఇల్లు తీసుకుని ఉండిపోవాలనుకునేవాళ్లకు

తులూజ్‌లో ఉంటూ ఇటు మారేవాళ్లు నివాస కార్డు మీది చిరునామా మార్పును మూడు నెలల్లోపు తెలపాలి. ఆ తర్వాత మీ ప్రేఫెక్త్యూర్ కాఓర్ అవుతుంది. కాప్దెనాక్-గార్‌లో ఇల్లు తీసుకుంటే మాత్రం ఫిజాక్ పది నిమిషాల దూరంలో ఉన్నా మీ జిల్లా కేంద్రం రొదేజ్. రోజువారీ పని ఫిజాక్‌తో, కాగితాలు రొదేజ్‌తో. అద్దె కాస్త తక్కువని ఆ గట్టు ఎంచుకునేవాళ్లు ఈ తిరుగుడు లెక్కలో వేసుకోవాలి.

కొనేవాళ్లు రెండు కాగితాలు అడగాలి. ఒకటి వరద ముప్పు పత్రం. నది ఒడ్డున ఉన్న పాత ఇళ్ల ధర ఎందుకు తక్కువో అది చెబుతుంది. జియోరిస్క్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో చిరునామా కొడితే ఎవరైనా చూసుకోవచ్చు. ఎర్రరంగు మండలంలో ఉంటే కొత్త గది కట్టడానికి సాధారణంగా అనుమతి రాదు. రెండోది మురుగు తొట్టి నివేదిక. పల్లెల్లో చాలా ఇళ్లకు ఊరి డ్రైనేజీ ఉండదు, సొంత తొట్టే. స్పాంక్ అనే స్థానిక సేవ తనిఖీ చేసి ఇచ్చిన నివేదిక అమ్మకం నాటికి మూడేళ్ల లోపుదై ఉండాలి. తొట్టి నియమాలకు తగ్గట్టు లేకపోతే కొన్న ఏడాదిలోపు బాగుచేయించాల్సింది కొన్నవాళ్లే. ఆ ఖర్చు వేల యూరోల్లో ఉంటుంది, కాబట్టి బేరం అప్పుడే ఆడాలి, సంతకం అయ్యాక కాదు. సున్నపురాయి నేలలో గొయ్యి తవ్వడం తేలిక కాదు, మట్టి నేలకు ఇచ్చిన అంచనాను ఇక్కడికి వర్తింపజేయకండి. నివేదికను పట్టుకుని మేరీకి వెళ్లి, ఆ వీధికి ఊరి డ్రైనేజీ వేసే ఆలోచన ఉందా అని అడగండి. ఉంటే తొట్టి మీద పెట్టే డబ్బు మిగలొచ్చు.